పోస్టల్ బ్యాలెట్ గారికి, సీలు పడని ఓటరు రాయునది

మహారాజశ్రీ పోస్టల్ బ్యాలెట్ గారికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ స్ట్రాంగ్ రూంలో మీరు క్షేమమని తలుస్తాను. ఈరోజు 2024 జూన్ 3. టీవీ పెడితే మీ గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లారట. నేను పుట్టి బుద్ధెరిగి ఢిల్లీ చూడలేదు. నా ఓటు మాత్రం వెళ్లొచ్చింది. సంతోషమండీ.

మీరు కావాలా, బూత్‌కి వెళ్లి వేస్తావా అని ఎన్నికల డ్యూటీ పడిన నన్నెవరూ అడగలేదు. ఈడీసీ, అంటే ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్, అనేది ఒకటుందని, అది చేతిలో ఉంటే డ్యూటీ పడిన బూత్‌లోనే మెషీన్ మీద ఓటేసుకోవచ్చని ట్రైనింగ్‌లో చెప్పారు. కాకపోతే మన నియోజకవర్గంలోనే డ్యూటీ పడాలి. అసెంబ్లీ ఎన్నికల్లో మన నియోజకవర్గంలో మనకు డ్యూటీ వేయకూడదన్నది ఇంకో రూలు. పీట వేసి కూర్చోబెట్టి విస్తరి లాగేసినట్టుంది. అలా మీరే దిక్కయ్యారు.

ఫెసిలిటేషన్ సెంటర్ అనబడే షామియానా కింద, మే ఎండలో మూడు గంటలు నిలబడ్డాను. లిస్టులో పేరు లేదన్నారు. చివరికి నాలుగో కౌంటర్‌లో, వేరే మండలం కాగితాల్లో దొరికింది. దాన్ని వదిలేస్తున్నాను.

మా ఆయన బూత్‌లో బటన్ నొక్కాడు, బీప్ అంది, వీవీప్యాట్‌లో ఏడు సెకన్లు చీటీ చూసుకున్నాడు, సెల్ఫీ దిగాడు. నేనేమో బ్యాలెట్ మీద టిక్కు పెట్టి, 13బీ చిన్న కవర్లో పెట్టి అంటించి, కవరు మీది నంబరూ 13ఏ డిక్లరేషన్‌లోని నంబరూ ఒకటేనా అని చూసుకుని, గెజిటెడ్ అధికారి చేత సంతకం పెట్టించి, ఆ రెంటినీ 13సీ పెద్ద కవర్లో పెట్టాలి. డిక్లరేషన్ పొరపాటున చిన్న కవర్లోకి పోయిందా, కౌంటింగ్‌లో ఆ కవరు విప్పరు. అసెంబ్లీకో సెట్టు, పార్లమెంటుకో సెట్టు. జిగురు ఎండిపోయి కవరు అంటుకోకపోతే పక్కనున్న హిందీ మేడం తన టిఫిన్ బాక్సులోంచి నాలుగు మెతుకులిచ్చింది. నా ప్రజాస్వామ్యం అన్నం మెతుకులతో అంటుకుంది.

ఇక ఆ అధికారి గారు. గీకినట్టు సంతకం పెట్టారు. పేరు రాయలేదు, హోదా రాయలేదు. "సార్, సీలు?" అన్నాను. "అటెండరు భోజనానికెళ్లాడమ్మా, సంతకం చాలు. నెక్స్ట్!"

చాలదట. కాదు, చాలుతుందట. నెలాఖరున ఎన్నికల సంఘం, సంతకం ఉంటే సీలు లేకపోయినా లెక్కపెట్టమంది. కుదరదని ఒక పార్టీ హైకోర్టుకెళ్లింది. జోక్యం చేసుకోబోమంది హైకోర్టు. అక్కణ్నుంచి ఢిల్లీ. అక్కడా అదే మాట. ఈలోపు రాత్రిళ్లు నా కలలో గుండ్రటి సీలు, మధ్యలో మూడు సింహాలు.

ఇక మీరు, గారు అనడం నా వల్ల కాదు. చూడు, ఇరవై ఏళ్లుగా పదో తరగతి ఇన్విజిలేషన్ చేస్తున్నాను. నేను చేయాల్సిన సంతకం మర్చిపోతే తప్పు నాది, పిల్లాడికి సున్నా వేయరు. సీలు వేయంది ఆయన. భోజనానికి వెళ్లింది అటెండరు. పోవాల్సింది నా ఓటా?

మే 13న పొరుగు నియోజకవర్గంలో ఎనిమిది వందల పైచిలుకు వేళ్లకు సిరా రాశాను. చివరి వేలు రాత్రి పదకొండింటికి ఒక తాతది. "నువ్వేశావా తల్లీ?" అన్నాడు. "వేశా తాతా" అన్నాను గాని, గొంతు తడబడింది. మా ఊరి బూత్‌లో నా పేరు పక్కన పీబీ, అంటే పోస్టల్ బ్యాలెట్, అని రాసి ఉంటుంది. అక్కడికి వెళ్లినా నాకు ఓటు లేదు.

మా అత్తగారికి 86 ఏళ్లు. ఇంటికొచ్చి, వీడియో తీస్తూ మరీ ఓటు వేయించుకున్నారు. డల్లాస్‌లో ఉండే మా మరిదికి నీలాంటి సౌకర్యం కూడా లేదు, విమానం టికెట్టు కొనుక్కుని వచ్చి వేశాడు. పైగా "నీకేం వదినా, పోస్టల్ ఉంది, హాయి" అన్నాడు. నోరు మూసుకుని రెండో అట్టు వేశాను.

రేపు పొద్దున ఎనిమిదింటికి మెషీన్ల కంటే ముందు లెక్కకు తీసేది నిన్నే. ఆ గౌరవం నీకుంది, కాదనను. కాస్త ఆ మెతుకులు ఊడిపోకుండా చూసుకో.

ఇట్లు,
రెండు ఓట్లు వేశాననే అనుకుంటున్న
ఒక టీచరు