పిచిసియేగో మీద చర్య తీసుకోవాలి

లోకంలో ప్రాణులన్నీ తమ లెక్క తాము అప్పజెప్పి బుద్ధిగా బతుకుతున్న రోజులివి. కొంగ కాలికి కడియం వేయించుకుంటుంది. పులి తన చారలు కెమెరాకి చూపించి మరీ వెళ్తుంది. మనుషుల సంగతి సరేసరి, పొద్దుట్నుంచి ఎన్నడుగులు వేశామో ఎవరూ అడక్కుండానే ఫోనుకి చెప్పేస్తున్నాం. ఇంత క్రమశిక్షణ మధ్య ఒక్క జీవి మొండికేసి కూర్చుంది. అర్జెంటీనా మధ్యభాగపు ఇసుక నేలల్లో, భూమి లోపల కాపురముండే గులాబీ ఆర్మడిల్లో. ఆర్మడిల్లోలంటే ఒంటి మీద పెంకు కప్పుకు తిరిగే పాలిచ్చే జంతువులు. అక్కడివాళ్లు పిచిసియేగో అంటారు. వినగానే మనకి పిచ్చి గుర్తుకొస్తుంది గానీ, స్పానిష్‌లో సియేగో అంటే గుడ్డిది. కళ్లు ఆవగింజంత కాబట్టి ఆ పేరు. మనల్ని చూడాలన్న ఆసక్తి దానికి పుట్టుకతోనే లేదన్నమాట. ఇది మొదటి అభియోగం.

1825లో రిచర్డ్ హార్లన్ అనే ఫిలడెల్ఫియా వైద్యుడు అర్జెంటీనాలోని మెండోజా ప్రాంతం నుంచి వచ్చిన నమూనా చూసి దీనికి క్లామిఫోరస్ ట్రంకేటస్ అని నామకరణం చేశాడు. పై వస్త్రం కప్పుకున్నది, వెనక తెగ్గోసినట్టున్నది అని భావం. నామకరణం జరిగి 200 ఏళ్లయింది. మర్యాదస్తులెవరైనా ఈపాటికి ఒకసారి వచ్చి కనిపించి పోయేవారు. ఇదో, ఆర్మడిల్లోల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి కూడా బయట దర్శనమివ్వదు. ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వారు 2006లో దీన్ని ‘ముప్పుకి చేరువలో’ అనే గడిలో పెట్టారు. 2008లో అక్కణ్ణుంచి తీసి ‘సమాచారం చాలదు’ గడిలోకి మార్చారు. రెండేళ్లలో సాధించిన ప్రగతి ఏమిటంటే, తెలుసనుకున్నది కూడా తెలియదని తేలడం. దక్షిణ అమెరికాలోని గ్రాన్ చాకో మైదానాల్లో ఉండే, దీనికంటే కాస్త పెద్దదైన దాయాదిది కూడా అదే గడి. వంశంలోనే ఉంది ఈ గుణం.

దొరికిన కొద్దిపాటి ఆనవాళ్లు చెబుతాను. ఆర్మడిల్లోలన్నిట్లోకీ చిన్నది. అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు 120 గ్రాముల చిల్లర. సన్మానంలో కప్పిన శాలువాలా గులాబీ రంగు పెంకు ఒకటి వెన్ను పొడుగునా పల్చటి పొరతో అంటుకుని, అంచులు వదులుగా వేలాడుతుంది. ఆ శాలువా కింద పట్టులాంటి తెల్లటి జుట్టు. పెంకు గులాబీగా కనిపించేది లోపలి రక్తనాళాల వల్ల. ఎండకి రక్తం పెంకులోకి పారి రంగు ముదురుతుంది, చలికి వెనక్కి మళ్లి పాలిపోతుంది. అంతే తప్ప మన ప్రశ్నలకి సిగ్గుపడి ఎర్రబడిందనుకుంటే పొరపాటు. తోకని పైకెత్తలేదు. రాత్రిపూట చీమలకోసం, పురుగులకోసం బయటికొచ్చినప్పుడు ఇసుకలో అడుగుల మధ్య నుంచి ఆ తోక ఒక గీత గీసుకుంటూ పోతుంది. ఇన్నేళ్లలో అది తన చేత్తో, క్షమించాలి, తన తోకతో మనకి రాసిచ్చిన లిఖితపూర్వక సమాచారం ఆ గీత ఒక్కటే. అది కూడా తెల్లవారేసరికి గాలి చెరిపేస్తుంది.

అసలు ధిక్కారం వెనక వైపు ఉంది. దాని శరీరం వెనక భాగం కత్తితో కోసినట్టు నిలువుగా తెగి, అక్కడ గుండ్రటి గట్టి పలక బిగించి ఉంటుంది. ముందు కాళ్ల గోళ్లతో ఇసుక తవ్వుతుంది, వెనక కాళ్లతో నెడుతుంది, నెట్టిన ఇసుకని ఆ పలకతో దిమ్మిస కొట్టినట్టు కొట్టి గట్టిపరుస్తుంది. అంటే వచ్చిన దారిని వచ్చినట్టే మూసేసుకుంటూ పోతుంది. నాకైతే అది ఆఫీసు రబ్బరు స్టాంపులాగే కనిపిస్తుంది. మనం పెట్టుకున్న దరఖాస్తు మీద పిరుదుతో ఒక ముద్ర గుద్ది, ఫైలు మూసి, లోపలికి వెళ్లిపోయింది. ఇంత త్వరగా ఫైలు తేల్చిన అధికారిని నేనింతవరకు చూడలేదు.

పోనీ పట్టుకొచ్చి కూర్చోబెట్టి అడుగుదామంటే, అదీ అయింది. పట్టుకొచ్చినవాటిలో చాలా భాగం కొద్ది రోజుల్లోనే ప్రాణం వదిలాయి. ఇసుక మారితే పడదు, తిండి మారితే పడదు, చలీ వేడీ కాస్త అటూ ఇటూ అయినా పడదు. విచారణకి సహకరించకుండా చచ్చిపోవడాన్ని ఏ సెక్షను కింద పెట్టాలో న్యాయ నిపుణులు తేల్చాలి.

దీన్ని కలుసుకునేవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. పెద్ద వాన పడి బొరియల్లో నీళ్లు నిండితే తడిసిన శాలువాతో పైకొస్తుంది. అప్పుడు ఎదురయ్యేవి ఇళ్లల్లోంచి తిరగడానికొచ్చిన కుక్కలు, పిల్లులు. పొడి రోజుల్లో నాగళ్లు లోపలికే దిగి పలకరిస్తాయి. పశువుల మంద పైన తొక్కుతూ వెళ్తుంది. క్షేత్రస్థాయిలో వీటికున్న అనుభవం ఏ శాస్త్రజ్ఞుడికీ లేదు. విచారకరమైన సంగతేమిటంటే, ఒక్క కుక్క కూడా ఇంతవరకు నివేదిక సమర్పించలేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పిచిసియేగోకి ఆఖరి నోటీసు పంపాలి. ఎన్ని ఉన్నారు, ఎక్కడెక్కడ ఉన్నారు, నిరుటి కంటే పెరిగారా తగ్గారా అన్న మూడు ప్రశ్నలకి జవాబివ్వాలి. గడువు వచ్చే దుక్కి దాకా. నోటీసుని బొరియ గుమ్మానికి అంటించి రావాలనుకున్నాం గానీ, గుమ్మం లోపలినుంచి మూసి ఉంది. ముద్ర ఇంకా తడిగానే ఉంది.