పిడుదమ్మ గారి ఎంగిలి గురించి

పిడుదమ్మ గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు కుశలంగా ఉన్నారంటే మా ఇంట్లో ఇంకొకరు కుశలంగా లేనట్టే. మా అమ్మాయి కనుబొమ్మల ప్లక్కర్ వెతకడానికి లోపలికి వెళ్లింది. అది వచ్చేలోగా ఈ నాలుగు ముక్కలు.

పొద్దున మా కుక్క రాజుగాడి చెవి వెనక నిమురుతుంటే వేలికి తగిలారు. పులిపిరేమో అనుకున్నా. బొచ్చు పాయ తీసి చూస్తే మీరు! బూడిదరంగులో, నున్నగా, అచ్చం ఆముదం గింజలా ఉబ్బి ఉన్నారు. (ఆముదం మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన ‘రిసినస్’ అన్న పేరుకు లాటిన్‌లో అర్థం పిడుదే. పోలిక నాకొక్కడికే తట్టలేదన్నమాట.) కాళ్లు ముందువైపు కుచ్చులా ముడుచుకుని, మూతి చర్మంలోకి దించేసి, ఉలుకూ పలుకూ లేదు.

ఆ పొట్ట చూస్తే వచ్చి వారమైనట్టుంది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడైనా ముక్కనుమ దాటితే కాస్త మొహమాటపడతాడు. మీరు మాత్రం మూతి చుట్టూ సిమెంట్ పోసుకుని మరీ కూర్చుంటారు. ఇది నా ఎగతాళి కాదు, మీ లాలాజలంలో గట్టిపడే ఆ పదార్థాన్ని పరిశోధకులు సిమెంట్ అనే అంటారు.

నన్ను దోమ కుడితే అరక్షణంలో చెయ్యి పడుతుంది. రాజుగాడు వారం రోజులు మిమ్మల్ని మోస్తూ తోక ఊపుతున్నాడు. ఆ మాయంతా మీ ఎంగిలిదేనట. రక్తం గడ్డకట్టకుండా చూసేది ఒక ప్రోటీన్, ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా చూసేది ఇంకోటి. మీ చుట్టాల్లో కొందరికైతే దురద పుట్టించే హిస్టమిన్‌ను పుట్టినచోటే పట్టేసే ప్రోటీన్ కూడా ఉంది.

అసలు ఘనకార్యం వేరే. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలితే ‘ఇక్కడ దొంగలు పడ్డారు, రండి’ అని తెల్లకణాలకు కబురు పెట్టే కీమోకైన్లు మాకు దాదాపు 50 రకాలున్నాయి. ఆ కబురు మితిమీరితే వాపు ముదిరి గుండె కండరం దాకా దెబ్బతింటుంది. ఒక కబురును ఆపే మందు చేస్తే ఇంకో కబురు పక్కదారిన వెళ్లిపోతుంది. మందుల కంపెనీలు ఎన్నో ఏళ్లు అక్కడే తలలు బాదుకున్నాయి. మీరేమో ఎవాసిన్ అనే బుల్లి ప్రోటీన్‌తో ఒకేసారి అనేక కబుర్ల గొంతు నొక్కేస్తారు. అవి మొదట బయటపడింది ఏ అమెజాన్ అడవి పురుగులోనో కాదు, సాక్షాత్తూ మీలో, వీధికుక్కల చెవుల్లో కాపురముండే గోధుమరంగు పిడుదులో. ఆక్స్‌ఫర్డ్‌లో శౌమో భట్టాచార్య బృందం ఈ ఎవాసిన్ల నుంచి గుండె కండరం వాపుకు మందు రాబట్టొచ్చని 2017లో చెప్పింది.

ఎంగిలి విషయంలో మేమెంత పట్టింపు మనుషులమో మీకు తెలియదు. చెంబు పెదవికి తగిలిందంటే మా నాయనమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమించేది. శబరి రేగుపళ్ల తర్వాత ఇంత గౌరవం దక్కిన ఎంగిలి మీదే అయ్యుంటుంది. ల్యాబుల్లో మిమ్మల్ని వెల్లకిలా అంటించి, మూతికి సన్నటి గాజుగొట్టం తొడిగి, పైలోకార్పిన్ అనే మందు చుక్క వేసి చొంగ కార్పిస్తారట. అంతా కలిపితే సూదిమొన మీద నిలిచేంత. దానికోసం కోటు వేసుకున్న డాక్టరేట్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

కాలర్ ఎగరేయకండి. జలగ ఎంగిలిని చూసి చేసిన బైవాలిరుడిన్ అనే, రక్తం గడ్డకట్టనివ్వని మందును యాంజియోప్లాస్టీల్లో వాడుతూనే ఉన్నారు. బ్రెజిల్ పాము విషం ఇచ్చిన ఆధారంతో పుట్టిన క్యాప్టోప్రిల్ 1981లోనే బీపీ మాత్రయింది. మీ వాళ్లలో ఆఫ్రికా మెత్త పిడుదు ప్రోటీన్ ఒకటి మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లింది గానీ, మీ పేరు చెప్పి మందుల షాపులో అడిగితే ఇప్పటికీ ఇచ్చేది మిమ్మల్ని చంపే పౌడరే. పరాయి ప్రోటీన్‌ను మా ఒళ్లు ఊరికే రానివ్వదు, దాని మీద యాంటీబాడీలు లేపుతుంది. అదొక తలనొప్పి. అయినా ‘పిడుదు ఉమ్మితో గుండెజబ్బు మాయం’ అని మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికే రెండుసార్లు వచ్చింది.

ఇంకో మాట, బాధపడకండి. మాకు కావాల్సింది మీ ఎంగిలే గానీ మీరు కాదు. అందులోని ప్రోటీన్ జన్యువును ఈస్ట్‌కు ఎక్కిస్తే అదే తయారుచేసి పెడుతుంది, రాయల్టీ అడగదు. పైగా 2021లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు మీ చుట్టాల లాలాజలంలోని 19 ప్రోటీన్లతో ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేసి గినీ పిగ్‌లకు వేశారు. పిడుదు కుట్టినచోట చర్మం ఎర్రబడింది, పిడుదులు కడుపు నిండకుండానే ఊడి పడ్డాయి. ఇన్నాళ్లూ దొంగచాటుగా తిన్నది మీ ఎంగిలి బలంతోనే కదా, దాన్నే మీ మీదికి సాక్ష్యానికి పిలిచారు.

నా మటుకు నాకు పాత బాకీ ఒకటుంది. రెండేళ్ల క్రితం ఇదే ఎంగిలితో మీరు రాజుగాడికి టిక్ ఫీవర్ అంటించారు. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం కారింది. 28 రోజులు డాక్సీసైక్లిన్, పూటపూటా పెరుగన్నంలో దాచి పెట్టాను. వాడు అన్నం తిని మాత్ర ఉమ్మేసేవాడు.

ఇదిగో, ప్లక్కర్ దొరికింది. కిరోసిన్ పోయను, అగ్గిపుల్ల అంటించను. అలా వేధిస్తే పోతూ పోతూ లోపలున్న ఎంగిలంతా గాయంలోకే కక్కి పోతారట, ఆ కానుక మాకొద్దు. చర్మానికి ఆనించి, మూతి దగ్గర పట్టి, తిప్పకుండా తిన్నగా లాగుతాను. ఒరే రాజూ, కదలకురా.

ఇట్లు,
రాజుగాడి యజమాని