లక్క సీలు గారికి విన్నపం

మహారాజశ్రీ లక్క సీలు గారి సముఖానికి, ఇరవై ఏళ్లుగా కోర్టు వరండాలు అరగదీస్తున్న ఒక వకీలు గుమాస్తా నమస్కరించి రాసుకున్నది.

ముందుగా తమరి వంశం గురించి. వారణావతంలో లక్క ఇల్లు కాలినప్పుడు పురోచనుడు కాక ఆరు శవాలు దొరికాయి. తల్లి, ఐదుగురు కొడుకులు. లెక్క సరిపోయింది గనుక హస్తినాపురం ఏడ్చి, తిలోదకాలు వదిలి, ఫైలు మూసేసింది. పోయింది నిషాద స్త్రీ, ఆమె బిడ్డలు. పైలెక్క కుదిరితే లోపల ఎవరని అడగకపోవడం తమ ఇంటి ఆచారమే.

తమరి పనితనం కళ్లారా చూశాను. కానిస్టేబుల్ కొవ్వొత్తి మంట మీద ఎర్ర కడ్డీ కరిగించాడు. సాక్ష్యం సంచికి కట్టిన దారం ముడి మీద నాలుగు బొట్లు పడగానే ఇత్తడి ముద్ర నొక్కాడు. మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, వచ్చిన వీఆర్వో, టీ కొట్టు యజమాని చీటీ మీద సంతకాలు చేశారు. లోపల నెత్తుటి చొక్కా, ఇంకా తడి ఆరనిది, ప్లాస్టిక్ సంచిలో కుక్కి ఉంది. నీడన ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టమని ల్యాబ్ వాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు. తడి గుడ్డకు బూజు పడితే డీఎన్‌ఏ పాడవుతుంది. తమకు బూజు పట్టదు కదా! నెలల తర్వాత వచ్చిన రిపోర్టులో మొదట తమరి క్షేమ సమాచారమే: సీళ్లు చెక్కుచెదరలేదు, పోల్చి చూడటానికి పంపిన నమూనా సీలుతో సరిపోలాయి. చొక్కా సంగతి చిట్టచివర: పరీక్షకు పనికిరాదు.

ఆ ఇత్తడి ముద్ర చివరికి దర్యాప్తు అధికారి జేబులోకే వెళ్లింది. విప్పి మళ్లీ వేయాలంటే ఇంకో కొవ్వొత్తి చాలు. మా వకీలు గారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగింది ఒక్క ప్రశ్నే: ఆ ముద్ర ఎవరి దగ్గర ఉంది?

2022లో మథుర పోలీసులు 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు విన్నవించుకున్నారు. ఎలుకలకు తమరంటే బొత్తిగా భయం లేనట్టుంది.

ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలోనే పెట్టారు. ఇప్పుడు హైదరాబాదులో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రమూ ఉంది. ఇక 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 176(3) ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడగల నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడే ఘటనాస్థలానికి రావాలి, వీడియో తీయించాలి. కంగారు పడకండి, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు.

సోమవారం ఇంకో సంచి విప్పుతున్నారు. తమరు మామూలుగానే ఎర్రగా మెరుస్తూ దయచేయండి. మేం ముక్కుకు రుమాలు కట్టుకుని వస్తాం.

ఇట్లు,
విధేయుడైన గుమాస్తా