గుర్రం పొట్టి, భావు గట్టి

మా బామ్మర్ది నిన్న రాత్రి మళ్లీ భావు, అదే ధర, పెంచాడు. రెండేళ్ల నుంచి అమ్ముడుపోని పొట్టి గుర్రాల జతకు. ఫోన్ చేసి మరీ చెప్పాడు, "బావా, ఇగ మూడున్నర లక్షలు అయింది, మూడుకు ఎవరన్నా అడిగితే లేదని చెప్పు" అని. మూడుకు అడిగినవాడు లేడు. రెండుకు అడిగినవాడూ లేడు. అసలు అడిగినవాడే లేడు, పోయిన దసరాకు దేగ్లూర్ నుంచి ఒకాయన వచ్చాడు గానీ ఆయన మేకపోతు కోసం వచ్చి ఇల్లు తప్పాడు. అయినా ధర పెరిగింది. ఎందుకు పెరిగిందిరా అంటే, "అమ్ముడుపోలేదు కద బావా, ఇన్నాళ్ల దాణా ఖర్చు ఎవడు పెట్టుకుంటడు?" అన్నాడు.

ఈ మాటను రాత్రంతా నెమరేశాను. గిరాకీ తగ్గితే ధర తగ్గుతుందని ఇంటర్‌లో మాకు చెప్పిన లెక్చరర్ పాపం మంచివాడు, బోర్డు మీద గీత కూడా గీసేవాడు. ఆయన మహారాష్ట్రలో మా ధర్మాబాద్ తాలూకాకు వచ్చి ఈ వ్యాపారం చూసి ఉంటే ఆ గీత తుడిచేసి ఉద్యోగం మానేసేవాడు. ఇక్కడి శాస్త్రం వేరు. బజారు పడిపోయిందంటే జనానికి సరుకు విలువ తెలియదని అర్థం. విలువ తెలియనివాడికి తక్కువకు ఇస్తే సరుకు పరువు పోతుంది. కాబట్టి పెంచాలి. అప్పటికీ ఎవరూ రాకపోతే ఇంకా పెంచాలి. పొట్టి గుర్రాలు మంచిగా చూసుకుంటే పాతికేళ్లు దాటి బతుకుతాయి. అంటే మావాడికి ఇంకా పాతికేళ్లు అమ్మకుండా ఉండే అవకాశం ఉంది. కోటీశ్వరుడై పోతాడు.

నిజానికి ఈ జబ్బు ఆవులతో మొదలైంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత తినిపించే ఫొటోలు వచ్చాయి కదా, మన చిత్తూరు వైపు పొట్టి ఆవులు, ఆ పండగ నుంచి మా దిక్కు పొట్టిగా కనపడిన ప్రతిదానికీ లక్షల్లో చెప్పడం మొదలుపెట్టారు. (నేను అయిదడుగుల రెండు అంగుళాలు. నన్ను ఎవరూ అడగలేదు.) ఆవైతే పాలిస్తుంది, పేడైనా వేస్తుంది, గోమాత అని నలుగురు దండం పెడతారు. మావాడు అలాంటి చిన్న చిన్న లాభాల జోలికి పోలేదు. ట్రాక్టర్ ట్రాలీ అమ్మి, మాళేగావ్ యాత్రకు వెళ్లి, ఒక ఆడ గుర్రాన్ని, ఒక మగదాన్ని పట్టుకొచ్చాడు. మాళేగావ్ అంటే తెలియనివాళ్లకు: నాందేడ్ జిల్లా లోహా తాలూకా, ఖండోబా దేవుడి యాత్ర, ఏటా డిసెంబర్, జనవరి రోజుల్లో. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అన్నీ అమ్ముతారు, పసుపు ఎగరేస్తూ "యళ్‌కోట్ యళ్‌కోట్ జై మల్హార్" అంటారు, ఆ పసుపు కళ్లలో పడినప్పుడే ఎవడో మావాడి చేతిలో ఈ పగ్గాలు పెట్టి ఉంటాడని మా ఆవిడ అనుమానం.

"మినీ" అంటే ఏంటో కూడా మావాడు ఇంటికొచ్చాకే నేర్చుకున్నాడు. అమెరికాలో ఈ గుర్రాలకు 1978లో పెట్టుకున్న సంఘం ఒకటి ఉంది. వాళ్ల లెక్కలో ఎత్తు 34 అంగుళాలు దాటకూడదు, అదీ మెడ మీది జూలులో చివరి వెంట్రుకలు మొలిచే చోట కొలవాలి. పెరిగి గీత దాటితే పట్టీలో పేరు తీసేస్తారు. అంత కచ్చితం. మావాడు ఇందులోంచి 34 అనే అంకె ఒక్కటి తీసుకున్నాడు, కచ్చితం అనేది అక్కడే వదిలేశాడు. గుర్రం ముందు కాళ్లు పెట్టే చోట జానెడు గుంత తవ్వి, పైన ఎండుగడ్డి పరిచి, దాంట్లో నిలబెట్టి టేపు పెడతాడు. అంగుళం తగ్గిన కొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి గుంత లోతైన కొద్దీ గుర్రం ఖరీదైనదవుతుంది. ఆ గుర్రం ఎప్పుడు చూసినా ఏదో దేవుడికి మొక్కుతున్నట్టే ఉంటుంది.

ఇక ఆడదాని ధరలో దాని కడుపులో పిల్ల ధర కూడా కలిసింది. డాక్టరు చూసి చూలు లేదు, ఉలవలు ఎక్కువైన పొట్ట అన్నాడు. పొట్టి గుర్రాలకు దాణా ఎక్కువైతే డెక్కలు వాచి నడవలేవు, అట్లా కొవ్వెక్కినవి ఉన్నట్టుండి మేత మానేస్తే నెత్తురులో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది, గడ్డి పెట్టు చాలు అని కూడా అన్నాడు. మావాడు విన్నాడు. దాణా తగ్గించలేదు, పిల్ల ధర కూడా తగ్గించలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు, ఇక్కడ సోమలింగానికి బయానా కూడా అడుగుతున్నారు.

పోయినేడు మళ్లీ మాళేగావ్ తీసుకెళ్లాడు, అమ్మడానికి. నేనూ వెళ్లాను. ఆ మధ్యాహ్నం గురించి చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

అక్కడ బేరం నోటితో చెయ్యరు. దలాల్ తువ్వాలు కింద చెయ్యి పెడతాడు, ఇటువాడు వేళ్లు పట్టుకుంటాడు, అటువాడు వేళ్లు పట్టుకుంటాడు, ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. చుట్టూ నిలబడ్డవాళ్లకు తెలియకూడదని ఈ ఏర్పాటు. వేలా, పదివేలా, లక్షా అనేది ముందే చెవిలో అనుకోవాలి. మావాడు అనుకోలేదు, అడిగితే పల్లెటూరివాడు అనుకుంటారని. ఉద్గీర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, తెల్ల టోపీ, చేతికర్ర, ఆడ గుర్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, వీపు మీద చెయ్యి వేసి తల ఊపాడు. దలాల్ తువ్వాలు పరిచాడు. మావాడు నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. దలాల్ అటు చెయ్యి పెట్టాడు. పెద్దమనిషి కాస్త ఆలోచించి, ఆయన కూడా నాలుగు వేళ్లే పట్టుకున్నాడు. దలాల్ ముఖం వెలిగింది. ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటి మాటకే కుదిరిన బేరం చూడలేదన్నాడు. మావాడి కళ్లలో నీళ్లు. పెద్దమనిషి మావాడిని కౌగిలించుకున్నాడు, ఎవరో గుర్రం నుదుటికి పసుపు రాశారు, నేను అందరికీ చాయ్ చెప్పాను, ఎనిమిది చాయ్‌లు, పెద్దమనిషి మనవడికి భజ్జీలు కూడా. మావాడు ఫోన్ తీసి మా ఆవిడకు చెప్పాడు, "అక్కా, నాలుగు లక్షలు!" అని, అది దలాల్ చెవిన పడింది. నాలుగు లక్షలేంది, నేను నలభై వేలు అనుకున్నా అన్నాడు దలాల్. పెద్దమనిషి చాయ్ కింద పెట్టి, మరాఠీలో, చాలా మర్యాదగా, నేను నాలుగు వేలు అనుకున్నాను, అదీ గుర్రానికి కాదు, దాని మీదున్న జీనుకు, మా ఊళ్లో పెద్ద గుర్రం ఉంది, గంటలు బాగున్నాయని అడిగాను అన్నాడు. గుర్రం ఎందుకయ్యా నాకు, దాని మీద మా మనవడు కూర్చున్నా కాళ్లు నేలకు తగులుతాయి అన్నాడు.

పది నిమిషాలు ముగ్గురు మనుషులు మూడు వేరు వేరు బేరాలు కుదుర్చుకుని ఆనందంగా ఉన్నారు. పొట్టి గుర్రాల బజారు కళకళలాడిన ఆ పది నిమిషాలు నేను కళ్లారా చూశాను.

జీను మాత్రం అమ్ముడుపోయింది, మూడు వేల ఎనిమిది వందలకు. రెండేళ్ల వ్యాపారంలో అదొక్కటే రాబడి. వెనక్కి వస్తూ లోహా దాటకముందే మావాడు ధర పెంచాడు, కొత్త జీను కొనాలి కదా అని. గుమ్మడికాయను గుర్రపు గుడ్డు అని నమ్మి కొనుక్కొచ్చిన పరమానందయ్య శిష్యులను చూసి చిన్నప్పుడు నవ్వుకున్నాం, వాళ్లు నయం, ఆ గుమ్మడికాయను ఏటా ధర పెంచి యాత్రకు మోసుకుపోలేదు.

2008లో మాంద్యం వచ్చినప్పుడు అమెరికాలోనే గుర్రాల ధరలు పడిపోయాయిరా, అందులోనూ తక్కువ ధరవే ఎక్కువ దెబ్బతిన్నాయి, మేపలేక వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు అని చెప్పి చూశాను. "వాళ్లకు మార్కెటింగ్ రాదు బావా" అన్నాడు.

నా సొంత బాధ ఒకటి ఉంది, అది కూడా చెప్పుకోనివ్వండి. నేను సోయాబీన్ వేస్తాను. 2024లో సర్కారు మద్దతు ధర క్వింటాల్‌కు 4,892 రూపాయలు. యార్డులో నాకు పలికింది నాలుగు వేలకు కాస్త పైన. తేమ 12 శాతం దాటితే సర్కారు కాంటాకు వద్దన్నారు, 15 దాకా పరవాలేదని సడలించేసరికి నా సంచులు ఖాళీ. రెండు నెలలు ఆపి చూశాను కూడా, గోడౌన్ కిరాయి కట్టి. అయ్యా, ఇన్నాళ్లు ఆపాను, కిరాయి కలిపి ఇవ్వండి అని అడత్యాను, అంటే యార్డులో కమీషన్ ఏజెంటును, అడిగితే ఆయన నవ్వలేదు, పాపం, నాకు జ్వరమేమో అనుకున్నాడు. పండించినవాడి సరుకుకు కొనేవాడు భావు కడతాడు, అది కూడా మన ముందే గింజలు గుప్పిట్లో పట్టి పెదవి విరుస్తూ. అప్పు తీర్చే తారీఖు లేనివాడు మాత్రమే నా సరుకుకు నేను చెప్పిందే ధర అని కాలు మీద కాలు వేసుకుని కూర్చోగలడు. మావాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది అంటారా? మా మామగారు పోతూ పోతూ వదిలిపెట్టిన రోడ్డు పక్క మడిగెల కిరాయిలు.

సరే, ఇదంతా నవ్వుకునే లోపలి సంగతి. మగదాని సంగతి వేరు.

దాన్ని కొన్నప్పుడు రెండేళ్లది, ఇంతే ఎత్తు, ఇక పెరగదు అన్నారట. డాక్టరు దాని పై పెదవి ఎత్తి చూపించాడు. గుర్రప్పిల్లకు ముందు పళ్లలో మధ్య జత పుట్టిన వారంలో వస్తుంది, దాని పక్క జత నెలన్నరకు, మూలల్లో జత ఆరు నెలలు దాటితే గానీ రాదు. దీనికి నాలుగే ఉన్నాయి, మూలలు రెండూ నున్నగా గులాబీ రంగు చిగురు. తోక తోకలా లేదు, సీసా కడిగే బ్రష్‌లా ఉంది. గొర్రెల మంద వెంట ధన్‌గర్లు గుడారాలు, గిన్నెలు మోయించుకునే తట్టు గుర్రం పిల్ల అది, రెండు మూడు నెలలది. పాలు తాగే పిల్ల. రాత్రిళ్లు ఒకటే సకిలించేదట, వాడి భార్య, మా చెల్లెమ్మ చెప్పింది, పశువుల కొట్టంలో బర్రె దగ్గరికి పోయి తల దూర్చేదట.

అప్పుడైనా మావాడు నోరు మూసుకుని దాన్ని గుర్రంలా పెంచి ఉంటే ఈ వ్యాసమే లేదు. దలాల్ సలహా ఇచ్చాడట, దాణా తగ్గించు, పెరగదు అని. తగ్గించాడు. నేను వెళ్లేసరికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, తొట్టిలో ఎండిన జొన్న చొప్ప, నమిలి నమిలి వదిలేసిన కణుపులు. ఏమిరా ఇది అంటే "చిన్నగుంటేనే భావు బావా" అన్నాడు. కడుపు మాడిస్తే కాళ్లు పొట్టివి కావురా వెధవా, గుర్రప్పిల్ల కాళ్లు పుట్టేటప్పటికే చాలామటుకు పొడుగొస్తాయి, ఎండిపోయేది వీపు, ఛాతీ! పాలు మరవని పిల్లను తల్లి దగ్గర నుంచి లాక్కొచ్చి రెండేళ్లదని అమ్మినవాడు ఒక దొంగ, ఆ దొంగతనం బయటపడకుండా ఉండాలని దాని నోటికాడి గడ్డి లాక్కున్నవాడు అంతకన్నా పెద్ద దొంగ, వాడు నా ఇంట్లో నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు. వాడి లెక్కల బుక్కు తీసి చూశాను. "మగ గుర్రం, ఉలవలు, రోజుకు కిలోన్నర." ప్రతి రోజూ. పెట్టని ఉలవలు. ఆడదాని పొట్టలోకి పోయిన ఉలవలు రెండుసార్లు రాశాడు, ఒకసారి దానికి, ఒకసారి దీనికి. ఈ మూడున్నర లక్షల్లో ఆ పిల్ల తినని తిండి ఖరీదు ఉంది.

ఆ రోజు నేను చెయ్యి ఎత్తాను. మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. రెండు నెలలు మాటల్లేవు.

మర్నాటి నుంచి మా చేను గడ్డి రోజుకో మోపు వాళ్ల కొట్టానికి పోతోంది, మా జీతగాడు తానే నిలబడి మగదానికి వేసి వస్తాడు. ఆ గడ్డి కూడా వాడి బుక్కులో ఎక్కింది, మోపుకు అరవై రూపాయలు. తిన్నది కాబట్టి అది పెరిగింది. ఇప్పుడు కొట్టం తడిక మీదుగా తల బయట పెట్టి దారిన పోయేవాళ్లను చూస్తుంది, నన్ను చూస్తే చెవులు నిక్కిస్తుంది. నిరుడు ఎండాకాలం 41 అంగుళాలు. మొన్న కొలిచాను, 47.

రేపు నిజామాబాద్ నుంచి ఎవరో సీరియస్ బయ్యర్ వస్తున్నాడట, మినీ జత కావాలని. 47లోంచి 34 తీసేస్తే 13. గడ్డపార పట్టుకుని పొద్దున్నే రమ్మన్నాడు.