మహారాజరాజశ్రీ సైకిల్ సీటు గారికి

మహారాజరాజశ్రీ సైకిల్ సీటు గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నిన్న నర్సింగి నుంచి కొల్లూరు దాకా వెళ్లి వచ్చాక కుశలం మీ వైపు మాత్రమే మిగిలింది. 2023లో తెరిచిన ఆ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ సైకిల్ ట్రాక్ మీద ప్రభుత్వం వారు సోలార్ పలకల పైకప్పు వేయించి నెత్తికి నీడ ఇచ్చారు. కింది భాగం సంగతి మీకే వదిలేశారు. అందుకే ఈ లేఖ నిలబడి రాస్తున్నాను.

మీకు మా మీద కోపం ఉందని తెలుసు. సైకిల్ కొనేటప్పుడు మిమ్మల్ని పలకరించే దిక్కుండదు. ఫ్రేమ్ కార్బనా, అల్యూమినియమా? గేర్లు షిమానో కంపెనీ వారి 105 రకం చాలా, ఇంకా ఖరీదైన అల్టెగ్రా కావాలా? వాట్సాప్ గ్రూపులో నెలల తరబడి రగడ. బరువు మాటెత్తితే ఇంక చెప్పక్కర్లేదు. పోటీ సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నియమం. అది టూర్ డి ఫ్రాన్స్ వాళ్ల తలనొప్పి. ఆ గీత ఎక్కడ దాటేస్తామో అన్న టెన్షన్ మాత్రం మావాళ్లది. బాటిల్ కేజ్‌లో ఇరవై గ్రాములు తగ్గించడానికి వేలు తగలేసిన పెద్దమనిషే, రైడ్ అయ్యాక రెండో నెయ్యి కారం దోసె చెప్పడానికి క్షణం కూడా ఆలోచించడు. ఇంత లెక్కలోనూ మీ వంతు వచ్చేసరికి, "సీటా? ఏదో ఒకటి దాంతోపాటే వస్తుందిగా" అంటారు. మీరు విన్నారు. మనసులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత మేం చేసే మొదటి తెలివైన పని, మెత్తటి జెల్ సీటు తెచ్చి మీ స్థానంలో కూర్చోబెట్టడం. షాపులో బొటనవేలితో నొక్కి చూసి, "అబ్బ, దూదిలా ఉంది" అని మురిసిపోతాం. పది కిలోమీటర్లు బాగానే ఉంటుంది. తర్వాత కూర్చునే ఎముకలు అందులోకి దిగబడతాయి, ఆ మెత్తదనమంతా మధ్యలోకి పొంగి, ఎముక లేని చోట నొక్కడం మొదలుపెడుతుంది. అందుకే మీ వంశంలో ఖరీదు పెరిగేకొద్దీ స్పాంజి పలచబడుతుంది, మధ్యలో కన్నం పెద్దదవుతుంది. పూర్తి కార్బన్ రకాల్లో కొన్నిటికి స్పాంజే ఉండదు. లేని వస్తువుకు ఇంత ధర పలికించడం మా రియల్ ఎస్టేట్ వాళ్లకు కూడా చేతకాలేదు సుమా.

మీ పెద్దలూ తక్కువవారేం కాదు. ఇంగ్లండ్‌లో జాన్ బ్రూక్స్ అనే తోలు వ్యాపారి గుర్రం 1878లో చచ్చిపోతే, పనికి వెళ్లడానికి ఎవరి దగ్గరో సైకిల్ అరువు తెచ్చుకున్నాడట. దాని సీటు పెట్టిన బాధకు తట్టుకోలేక తానే తోలు సీటు తయారుచేసి 1882లో పేటెంట్ తీసుకున్నాడు. గుర్రం పోయిన దుఃఖాన్ని సైతం మరిపించిన ఘనత మీది.

సరే, బుద్ధి తెచ్చుకుని బైక్ ఫిట్టింగ్‌కి, అంటే సైకిల్‌ని ఒంటి కొలతలకు సర్దించుకోవడానికి, వెళ్లాను. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరిశీలన ఉండదు. ముందు ఒక మెత్తటి పలక మీద కూర్చోమన్నారు, లేచాక పడిన రెండు సొట్టల మధ్య దూరం కొలిచారు. దాన్నిబట్టి సీటు వెడల్పులో నేను 143 మిల్లీమీటర్ల మనిషినా, 155 మనిషినా అన్నది తేల్చారు. కాలి లోపలి కొలతను 0.883తో గుణిస్తే మీ ఎత్తు వస్తుందన్నారు. అంటే 80 సెంటీమీటర్ల కాలున్నవాడికి పెడల్ కాడలు రెండూ తిరిగే ఫ్రేమ్ అడుగు ఇరుసు మధ్య నుంచి మీ నెత్తి దాకా 70.6. తర్వాత పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల్లో ఉందా అని చూశారు. చివరికి గుండు కట్టిన దారం, మేస్త్రి గోడ నిలువు చూసుకునేదే, నా మోకాలి దగ్గర వేలాడదీశారు. నిజం చెప్పాలంటే ఈ కొలతలన్నీ పనికొచ్చేవే. సైకిల్ కొన్నాక కాకుండా కొనకముందే తీయించుకుంటే ఇంకా పనికొస్తాయి. సైజు తప్పిన ఫ్రేమ్‌ని మీరు మాత్రం ఎంతని సర్దుతారు?

కానీ మరుసటి ఆదివారం గ్రూపులో కనీసం ముగ్గురు చుట్టూ తిరిగి చూసి, "సీటు కొంచెం దించు బ్రో" అన్నారు. మా వీధి షాపులో మెకానిక్ అయితే కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనాలంటాడు. ఆయన మాట వింటే గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర హాయిగా ఉంటుంది, మోకాలి ముందు భాగం ఏడుస్తుంది. మరీ ఎత్తు పెడితే నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనక పట్టేస్తుంది. మీకు ఐదు మిల్లీమీటర్లంటే చిన్న విషయం. మాకు పది రోజుల ఫిజియోథెరపీ.

ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల ఇంకేమీ వేసుకోకూడదన్న నియమం కూడా మీ పుణ్యమే. కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయని ఇంట్లో వివరించబోతే, మా అమ్మ మధ్యలోనే లేచి పూజగదిలోకి వెళ్లిపోయింది. కొబ్బరినూనె సీసా వంటింటి నుంచి సైకిల్ బ్యాగులోకి ఎందుకు వచ్చిందో ఆవిడ ఇక అడగలేదు.

ఇవి చాలక ఈత, సైకిల్, పరుగు కలిపిన ట్రయథ్లాన్ పిచ్చి ఒకటి. అందులో ఐరన్‌మ్యాన్ అనే పెద్ద పోటీలో సైకిల్ తొక్కాల్సింది 180 కిలోమీటర్లు. 2019లో గోవాకు వచ్చిన సగం పోటీలో 90. అదీ సముద్రంలో ఈది, ఆ తడి బట్టలతోనే, పలచటి ప్యాడ్‌తో, ముందుకు వంగి పడుకున్నట్టు. ఆ వంపులో భారమంతా మీ ముక్కు మీదికే వస్తుంది. అందుకని ముక్కు చీల్చిన సీట్లు, ముక్కే లేని సీట్లు పుట్టాయి. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులకు తిమ్మిర్లు వస్తుంటే, అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2009లో ముక్కు లేనివే వాడమని సలహా ఇచ్చింది. దొంగల్ని పట్టాల్సినవాళ్లను మీరు పట్టుకున్నారన్నమాట.

ప్రస్తుతం అటక మీద అట్టపెట్టెలో మీ బంధువులు చాలామందే ఉన్నారు. అన్నీ కొత్తవే, అన్నీ "నాకు భలే సెట్ అయింది" అని ఎవరో ఒకరు ప్రమాణం చేసినవే. వచ్చే వారం ఇంకొకరు కొరియర్‌లో వస్తున్నారు. వారి కన్నం తమరి కన్నం కంటే పెద్దదట. ఈలోగా ఆదివారం ఒక లాంగ్ రైడ్ ఉంది, దానికి మాత్రం తమరే దయ చూపాలి.

ఇట్లు,
తమ పాదాల మీద కాక తమ నెత్తి మీదే భారం వేసిన
143 మిల్లీమీటర్ల విధేయుడు