పే స్లిప్‌లో ఆ ఒక్క లైను మీదేనా కోపం?

చెన్నైలో సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లుగా ఒకటే గోల. "యూనియన్ చందా జీతంలోంచి కట్ అవ్వడం ఆపించేద్దాం, అందరం లెటర్ ఇచ్చేద్దాం" అని. అక్కడ ఇంత పొడుగు రాస్తే ఎవరూ చదవరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను ఆ లెటర్ ఇవ్వను. అలాగని మా నాయకుల్ని వెనకేసుకొచ్చే ఉద్దేశమూ లేదు.

గ్రూప్ సి వాళ్ల, అంటే గుమాస్తాల్లాంటి కింది స్థాయి ఉద్యోగుల, పే స్లిప్ ఒకటి తీసి చూడండి. పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌కి బేసిక్, డీఏల మీద పది శాతం. గ్రూప్ ఇన్సూరెన్స్‌కి 30. వైద్యం కోసం ఉన్న సీజీహెచ్‌ఎస్‌కి కింది లెవెల్స్‌లో 250. ఆర్నెల్లకోసారి కార్పొరేషన్‌కి ప్రొఫెషనల్ టాక్స్. ఇవేవీ మనల్ని అడిగి కట్ చేసేవి కావు. యూనియన్ చందా మాత్రం మనం సంతకం పెట్టిస్తేనే కట్ అవుతుంది, వద్దని రాసిస్తే ఆగుతుంది. మా ఆఫీసులో అది నెలకు వంద లోపే. అడిగి తీసుకునేదాని మీదే ఇంత మంట ఏమిటో!

"సంఘం డబ్బులు గవర్నమెంటు ఎందుకు వసూలు చేసిపెట్టాలి?" అని ఒక సీనియర్ గారి ప్రశ్న. సార్, ఇది సంఘానికి చేసే సేవ కాదు, లెక్కపెట్టే పద్ధతి. 1993 నాటి గుర్తింపు నిబంధనల ప్రకారం ఒక కేటగిరీలో 35 శాతం మంది సభ్యులుంటేనే సంఘానికి గుర్తింపు. రెండో సంఘానికైతే కనీసం 15 శాతం. ఆ బలం ఎంతో తేల్చేది పే బిల్లులో ఈ చందా కటింగ్‌ని చూసే. దీన్నే చెక్ ఆఫ్ అంటారు. రైల్వే వాళ్లకి సీక్రెట్ బ్యాలెట్ ఉంది, 2024 డిసెంబర్లో కూడా ఓట్లేశారు. మనకి పే బిల్లే బ్యాలెట్ పెట్టె. "మనసులో నాది సపోర్టే, కటింగ్ మాత్రం వద్దు" అనేవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

తమాషా ఏంటంటే, ఎనిమిదో పే కమిషన్ ఫిట్‌మెంట్, అంటే పాత బేసిక్‌ని ఎన్ని రెట్లు చేస్తారన్న లెక్క, ఎంతిస్తారని రోజూ పొద్దున్నే అడిగేది కూడా వీళ్లే. ఏడో దాంట్లో 2.57 వచ్చింది, ఈసారి అంతకన్నా తగ్గకూడదంటారు. అడగాల్సింది జేసీఎంలో, అంటే గవర్నమెంటూ ఉద్యోగుల సంఘాలూ కూర్చుని మాట్లాడుకునే వేదికలో, సంఘాల తరఫున కూర్చునే స్టాఫ్ సైడ్ వాళ్లు. ఆ స్టాఫ్ సైడ్ గాల్లోంచి ఊడిపడుతుందా?

ఇంకొకాయన "అమెరికాలో ఆపేశారుగా" అన్నారు. నిజమే, కొన్ని రాష్ట్రాల్లో ఆపేశారు. విస్కాన్సిన్ 2011లో, ఫ్లోరిడా 2023లో. కానీ రెండు చోట్లా పోలీసులకీ, ఫైర్ వాళ్లకీ మినహాయింపు ఇచ్చి టీచర్ల మీద పడ్డారు. గవర్నమెంటు వసూలు చేయకూడదన్నదే సూత్రమైతే అందరికీ ఒకటే ఉండాలి కదా! 2018లో అక్కడి సుప్రీంకోర్టు జానస్ కేసులో చెప్పింది వేరే సంగతి: సభ్యుడు కానివాడి దగ్గర ఫీజు గుంజకూడదని. మన దగ్గర ఆ గుంజుడు మొదటినుంచీ లేదు.

మన ఊరి సంగతే చూడండి. 1918లో పెరంబూరు మిల్లు కార్మికుల కోసం సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు పూనుకుని, అనీబిసెంట్ అనుచరుడు బి.పి. వాడియాని అధ్యక్షుడిగా పెట్టుకుని మద్రాస్ లేబర్ యూనియన్ కట్టారు. యాజమాన్యం హైకోర్టుకెళ్లి వాడియా మీద ఇంజంక్షన్ తెచ్చింది. యూనియన్లకి చట్టం 1926లో గానీ రాలేదు. ఇప్పుడు ఆ యజమాని స్థానంలో ఉన్న గవర్నమెంటే చందా కట్ చేసి చేతికిస్తోంది. ఇంత తేరగా వచ్చిన సౌకర్యాన్ని మనమే వదులుకుందామంటే ఏమనాలి?

ఇక నాయకులకి. తేరగా రావడం వల్లే మీకు బద్ధకం పట్టింది. రసీదు పుస్తకం పట్టుకుని సీటు సీటుకీ తిరిగే రోజుల్లో, డబ్బులిచ్చే ముందు ప్రతివాడూ మెడికల్ బిల్లు ఎక్కడ ఆగిందో, ట్రాన్స్‌ఫర్ ఏమైందో అడిగేవాడు. వినక తప్పేది కాదు. ఇప్పుడు ఒకటో తారీఖు దాటేసరికి డబ్బు బ్యాంకులో పడుతుంది, మీ మొహాలు మహాసభలో శాలువాలప్పుడే కనిపిస్తాయి. పోయిన మహాసభలో చదివిన లెక్కల్లో "ఇతర ఖర్చులు" అని ఒకే ఒక్క లైను. అంత పెద్ద మొత్తం అందులో ఎలా ఇమిడిందో ట్రెజరర్ గారికే తెలియాలి.

పైన చెప్పిన 1993 నిబంధనల్లోనే ఇంకొకటి ఉంది. ఆడిట్ చేసిన లెక్కలు ఏటా జూలై 1 లోపు గవర్నమెంటుకి చేరాలి. అంటే నా చందా లెక్క నా యజమానికి తెలుస్తుంది, నాకు తెలియదు! రాజకీయ నిధి పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. 2023 ఏప్రిల్లో తపాలా శాఖలో రెండు సంఘాల గుర్తింపు తీసేసినప్పుడు, రైతు ఉద్యమానికి డబ్బిచ్చారన్నది ఆరోపణల్లో ఒకటి. అది తప్పో ఒప్పో పక్కన పెట్టండి. గవర్నమెంటుకి పంపే ఆ కాగితమే సభ్యుల గ్రూపులో పీడీఎఫ్‌గా పెట్టడానికి మీకు ఎంతసేపు పడుతుంది?

ఇదే అడుగుతూ మా సెక్రటరీ గారికి సోమవారం లెటర్ ఇచ్చా, కాపీ మీద సంతకం కూడా పెట్టించుకున్నా. విత్‌డ్రాయల్ లెటర్లు టైప్ చేసి పెట్టుకున్నవాళ్లు అవి పక్కన పెట్టి దీని మీద సంతకం పెట్టండి. సభ్యత్వం వదులుకున్నాక లెక్కలు అడిగితే "నువ్వెవరు?" అంటారు. ఫార్మాట్ కావాలంటే కామెంట్లో చెప్పండి, పంపిస్తా.