షెంగెన్‌కి ఏ దేశం ఈజీ? అసలు ఆ ప్రశ్నే తప్పు

"షెంగెన్ వీసా ఏ దేశం నుంచి ఈజీగా వస్తుంది?" యూరప్ ట్రిప్ మాట ఎత్తగానే మొదట వచ్చే ప్రశ్న ఇదే. సమాధానాలకూ కొదవ ఉండదు. ఒకాయన ఒక దేశం పేరు చెప్తాడు, ఇంకొకాయన వచ్చి "అది పాత మాట, ఇప్పుడు ఫలానా దేశం బాగా ఇస్తోంది" అంటాడు. అడిగినవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్ని రోజులు ఉంటారు అని మాత్రం ఎవరూ అడగరు. ఎవరికి అప్లై చెయ్యాలో తేల్చేది ఆ రెండు సంగతులే మరి.

షెంగెన్ అంటే ఒకే వీసాతో, మధ్యలో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల గుంపు, మొత్తం 29. వాటన్నిటికీ కలిపి వీసా కోడ్ అని ఒకే చట్టం ఉంది, 2009 నాటిది. ఏ దేశానికి అప్లై చెయ్యాలో అందులో తేటతెల్లంగా రాసి ఉంది: ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో, లేదా ప్రయాణం ముఖ్యంగా ఏ దేశంలో పని మీదో, ఆ దేశానికి. అలా తేలకపోతే, అంటే మూడు దేశాల్లో మూడేసి రోజులైతే, మొదట ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికి. పారిస్‌లో దిగి, అక్కడ నాలుగు రోజులుండి, స్విట్జర్లాండ్‌లో ఐదు రోజులుంటే ఫైల్ స్విట్జర్లాండ్‌కి వెళ్లాలి. పారిస్‌లో దిగుతున్నాం కాబట్టి ఫ్రాన్స్ అనుకుని ఎంతమంది తప్పుతారో లెక్కలేదు. దీనికి జంటగా ఇంకో అపోహ ఉంది: వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలట. అలాంటి రూలేమీ లేదు. స్విస్ వీసాతో పారిస్‌లో నిక్షేపంగా దిగొచ్చు. దిగినచోట అడిగితే స్విట్జర్లాండ్ హోటల్ బుకింగులు చూపించగలిగితే చాలు.

"ఈజీ దేశం" సలహా విన్నవాళ్లు ఏం చేస్తారంటే, ఆ దేశంలో ఆరు రాత్రులు హోటల్ బుక్ చేసినట్టు చూపించి, వీసా చేతికి రాగానే క్యాన్సిల్ చేసి, అసలు వెళ్లాలనుకున్న చోటికి టికెట్ కొంటారు. వీసా ఇవ్వడానికి చూపించిన కారణం అబద్ధమని తేలితే ఆ వీసాని రద్దు చేసే అధికారం చట్టంలోనే ఉంది. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ "హోటల్ ఎక్కడ?" అని అడిగినప్పుడు తడబడే మొహాలు వీళ్లవే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

న్యాయంగా మాట్లాడాలంటే జనం ఈ దారి పట్టడానికి కారణం కూడా ఉంది. స్లాట్లు, అంటే ఫైల్ ఇవ్వడానికి అపాయింట్‌మెంట్లు దొరకకపోవడం. అపాయింట్‌మెంట్ మామూలుగా అడిగిన రెండు వారాల్లోపు ఇవ్వాలని వీసా కోడ్‌లో ఉంది. వేసవిలో చాలాచోట్ల ఆ మాట కాగితానికే పరిమితం. స్లాట్లు పట్టి ఇస్తామని డబ్బు గుంజే బ్రోకర్లు పుట్టుకొచ్చింది అక్కడే. దీనికి మన చేతిలో ఉన్న మందు ఒక్కటే: ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు. ఫైల్ తీసుకున్నాక నిర్ణయానికి 15 రోజులు, అనుమానం వస్తే 45 రోజుల దాకా సాగుతుంది. జూన్ ప్రయాణానికి జనవరిలో కదిలినవాళ్లకి "ఏ దేశంలో స్లాట్ ఉంది" అన్న ప్రశ్న చాలావరకు రాదు. ఏప్రిల్ చివర్లో లేచి బ్రోకర్ని వెతుక్కునేవాళ్లే మిగతావాళ్లకి ఉచిత సలహాలు ఇస్తుంటారు, అదీ విడ్డూరం.

ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45. ఆరేళ్లలోపు ఉచితం. అప్లికేషన్ సెంటర్ సర్వీస్ ఛార్జ్ వేరే. వీసా రాకపోతే ఇవేవీ తిరిగి రావు, కాబట్టి ఒకే ఫైల్ సరిగ్గా పెట్టడం చవక.

ఇక ఫైల్. పాస్‌పోర్ట్ గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ వదిలే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ. ఫొటో కూడా అడిగిన ప్రమాణాల ప్రకారం తీయించి మీరే పెట్టాలి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల దాకా మళ్లీ వాడతారు, 12 ఏళ్లలోపు పిల్లలకి అసలు అక్కర్లేదు.

ఈ లిస్టు ఎవరైనా చెప్తారు. ఫైల్ దెబ్బతినేది కాగితం లేక కాదు, కాగితాలకి ఒకదానితో ఒకటి పొసగక. లీవ్ లెటర్‌లో జూన్ 1 నుంచి 12 అని ఉంటుంది. రిటర్న్ టికెట్ 14న. ఇన్సూరెన్స్ 12తో ఆగిపోతుంది. హోటల్ బుకింగ్‌లో నలుగురు వెళ్తుంటే ఒక్కరి పేరే ఉంటుంది. మధ్యలో ఎనిమిదో తారీఖు రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో ఏ కాగితమూ చెప్పదు. ఫైల్ చూసే మనిషికి మీ మొహం తెలియదు, కాగితాలే తెలుసు. అందుకే అన్నీ పెట్టాక ఒక తెల్లకాగితం తీసుకుని తారీఖు, రాత్రి బస చేసే ఊరు, దానికి రుజువు అని మూడు గళ్లు గీసి నింపండి. ఏ గడైనా ఖాళీగా ఉంటే ఆ సందు మీకంటే ముందు వాళ్లకే కనిపిస్తుంది.

బ్యాంక్ స్టేట్‌మెంట్ విషయంలో అందరూ చేసే తప్పు, అప్లై చేసే వారం ముందు ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి ఖాతాలో పడెయ్యడం. ఆరు నెలలుగా నెలాఖరుకి ఖాళీ అయ్యే ఖాతాలో హఠాత్తుగా కొన్ని లక్షలు కనిపిస్తే అది బలం కాదు, అనుమానం. పెద్ద మొత్తం నిజంగానే వచ్చి ఉంటే, డిపాజిట్ మెచ్యూర్ అయిందో, స్థలం అమ్మారో, దాని కాగితం పక్కనే పెట్టి కవర్ లెటర్‌లో రెండు ముక్కలు రాయండి. చుట్టాలింట్లో ఉంటామంటే వాళ్లు రాసిన ఉత్తరం ప్రతిచోటా సరిపోదు. ఫ్రాన్స్‌లో అయితే అక్కడి మేయర్ ఆఫీసు ధ్రువీకరించిన ఆతిథ్య పత్రం తెప్పించుకోవాలి, దానికి వాళ్లకి టైం పడుతుంది. టికెట్లు మాత్రం వీసా రాకముందే డబ్బు వెనక్కి రాని రకం కొనకండి. బుకింగ్ చాలు.

రిఫ్యూజ్ అయితే ఇచ్చే ఫారంలో కారణం దగ్గర టిక్ ఉంటుంది. ఎక్కువగా రెండు చోట్ల పడుతుంది: ప్రయాణ ఉద్దేశం, బస వివరాలు నమ్మదగ్గట్టు లేవు అని, లేదా వీసా అయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు అని. మొదటిది కాగితాలతో సరిదిద్దుకోవచ్చు. రెండోదానికి ఉద్యోగం, చదువు, కుటుంబం, ఆస్తి వంటి ఆధారాలు కావాలి. అప్పీల్ హక్కు ఉంది, ఆ దేశం చట్టం ప్రకారం, గడువు ఆ ఫారంలోనే ఉంటుంది. మళ్లీ అప్లై చెయ్యడానికి ఇన్ని నెలలు ఆగాలన్న రూల్ లేదు. కానీ అదే ఫైల్‌ని ఇంకో "ఈజీ దేశానికి" పట్టుకెళ్లి పాత రిఫ్యూజల్ దాచిపెడతామంటే కుదరదు. 29 దేశాలూ చూసే వీసా డేటాబేస్ ఒక్కటే.

వీసా వచ్చిందనుకోండి. స్టిక్కర్ ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టే ముందు (అసలు పెట్టకండి, అందులో మీ పాస్‌పోర్ట్ నంబర్ ఉంటుంది) ఒకసారి చదవండి. ఒక స్టిక్కర్ మీద ఫ్రమ్ 03-06-26, అంటిల్ 02-07-26, డ్యూరేషన్ ఆఫ్ స్టే 15, ఎంట్రీస్ 01 అని ఉందనుకుందాం. జూలై 2 దాకా ఉండొచ్చని చదువుతారు చాలామంది. కాదు. ఆ 30 రోజుల కిటికీలో ఏవైనా 15 రోజులే మీవి. ప్రయాణం అటూ ఇటూ జరిగినా ఇబ్బంది లేకుండా మిగతా 15 రోజులు వెసులుబాటుగా ఇచ్చారంతే. జూన్ 3న దిగితే 17 రాత్రిలోపు బయట పడాలి. దిగిన రోజు ఒకటి, వెళ్లిన రోజు ఒకటి, రెండూ లెక్కే. రాత్రి 11:50కి దిగినా అది ఒక రోజే.

ఎంట్రీస్ 01 అంటే గడప ఒక్కసారే దాటనిస్తారు. పారిస్ నుంచి రెండు రోజులు లండన్ వెళ్లొస్తామంటే, బ్రిటన్ వీసా వేరే ఉన్నా సరే, తిరిగి పారిస్‌లోకి రానివ్వరు. ఐర్లాండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నాయి గానీ షెంగెన్‌లో లేవు. స్విట్జర్లాండ్, నార్వే యూనియన్‌లో లేవు గానీ షెంగెన్‌లో ఉన్నాయి. తెలియకుండానే గడప దాటెయ్యడానికి షెంగెన్‌లోనే ఉన్న క్రొయేషియా మంచి ఉదాహరణ. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే పాత కోస్తా రోడ్డు నేయుమ్ దగ్గర కొద్ది కిలోమీటర్లు బోస్నియాలోంచి పోతుంది. బస్సు దిగకపోయినా షెంగెన్ దాటి బయటికెళ్లినట్టే. 2022లో తెరిచిన పెల్యేషాట్స్ వంతెన మీదుగా వెళ్తే ఆ బెడద లేదు. బస్సు టికెట్ కొనేముందు ఏ దారిలో పోతుందో అడగండి.

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి ఒక సదుపాయం ఉంది. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత, పాస్‌పోర్ట్‌కి గడువుంటే, ఐదేళ్లది. సంతోషమే. కానీ అసలు లెక్క తప్పేది ఈ వీసాలతోనే, ఎందుకంటే వీసా ఎన్నేళ్లదైనా, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి.

"ఏ 180 రోజుల్లోనైనా" అన్నదే కీలకం. మొదటిసారి దిగిన రోజు నుంచి 180 లెక్కపెట్టి, అది అయిపోగానే కొత్త 90 మొదలవుతుందని అనుకుంటారు. అది కాదు. మీరు అక్కడున్న ప్రతి రోజూ వెనక్కి తిరిగి, ఆ రోజుతో కలిపి 180 రోజులు చూడాలి. 2026 జనవరి 10 నుంచి మార్చి 10 దాకా ఉన్నారు: 22, 28, 10, మొత్తం 60. మే 1 నుంచి 30 దాకా ఇంకో 30. తొంభై నిండింది. మళ్లీ ఎప్పుడు? జూలై 9న, ఎందుకంటే ఆ రోజు వెనక్కి చూస్తే 180 రోజులు జనవరి 11 దగ్గర మొదలవుతాయి, జనవరి 10 జారిపోయింది. ఇక్కడిదాకా రెండు లెక్కలూ ఒకే జవాబు ఇస్తాయి, చిక్కంతా అందుకే. జూలై 9న దిగినాయన కొత్త తొంభై దొరికిందనుకుని అక్టోబర్ 6 దాకా గది తీసుకుంటాడు. నిజానికి రోజుకొకటి చొప్పున వెనక్కి వచ్చేవి ఆ పాత 60 రోజులే. సెప్టెంబర్ 6 అతని ఆఖరి రోజు. మే నెల ముప్పై రోజులు ఇంకా కిటికీలోనే ఉన్నాయి. ఒక నెల ఓవర్‌స్టే, చెడు ఉద్దేశం ఏమీ లేకుండానే. జరిమానా, ఎంట్రీ బ్యాన్ ఆ దేశాన్ని బట్టి. యూరోపియన్ కమిషన్ సైట్‌లో దీనికి కాలిక్యులేటర్ ఉంది, టికెట్ కొనకముందే తారీఖులు కొట్టి చూసుకోవచ్చు.

ఇదివరకు ఆఫీసర్ పేజీలు తిరగేసి, సగం చెరిగిన స్టాంపులు చూసి లెక్క కట్టేవాడు. చూసీచూడనట్టు పోయినవీ ఉండేవి. 2025 అక్టోబర్ 12న మొదలైన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌లో మొహం ఫొటోతో సహా ప్రతి రాక, పోక నమోదవుతుంది, రోజులు మిషనే లెక్కపెడుతుంది.

చివరి మెలిక తిరుగు ప్రయాణంలో. లిస్బన్‌లో ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి ఇంటికి వస్తుంటే షెంగెన్ వదిలేది లిస్బన్‌లో కాదు, ఫ్రాంక్‌ఫర్ట్ పాస్‌పోర్ట్ కంట్రోల్ దగ్గర. ఆఖరి రోజు సాయంత్రం లిస్బన్ నుంచి బయల్దేరిన ఫ్లైట్ ఆలస్యమై అర్ధరాత్రి దాటాక దిగితే ఒక రోజు మించిపోయినట్టే. పదిహేను రోజుల వీసాకి పదిహేనో రోజు రాత్రి కనెక్షన్ పెట్టుకోకండి, పద్నాలుగో రోజే బయల్దేరండి. దారిలో చిక్కుకుంటే ఎయిర్‌లైన్ దగ్గర ఆలస్యానికి కాగితం రాయించుకుని, బోర్డింగ్ పాస్‌తో పాటు కంట్రోల్ దగ్గర చూపించండి.